అక్క కార్డు మీద నడిచిన నామం

నాలుగేండ్ల సంది ఒక మాట నా గొంతుల అడ్డం పడి ఉన్నది. అన్నం మింగుతున్న. నామం పలుకుతున్న. నలుగురితోని నవ్వుతున్న. ఆ మాట మాత్రం కిందికి దిగదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు తెల్వదు. అందుకే మీకు చెప్పబుద్ధి అయింది. కూర్చొని చదువుతున్నందుకు ముందుగాల మీకు దండం.

నేను దొంగతనం చేయలేదు. ఎవ్వరినీ కొట్టలేదు, తిట్టలేదు. చూసిన్రా, ఇట్ల మొదలుపెట్టుడే తప్పు. చేయనివన్నీ ముందు వరుసబెట్టి చెప్పుకునుడు ఎందుకు? చేసింది చెప్పేటందుకు గదా కూర్చున్న. చేసింది ఇది. ఒక మంచి మనిషి మీద నింద పడింది. అది అబద్ధమని ఈ భూమి మీద తెలిసింది నాకొక్కదానికే. నేను ఊకున్న. ఊకున్న అంటే కూడ నన్ను నేను తక్కువ చేసి చెప్పుకున్నట్టే. నేను ఒక మాట అన్న. ఆ మాటతోనే నింద గట్టిపడ్డది.

మేముండేది పటాన్‌చెరు దాటినంక కంపెనీల ఎనక ఉన్న ఒక కాలనీల. మా ఆయనది మందుల కంపెనీల షిఫ్టు పని. కింద మేము ఉంటం, మీద బావ, అక్క ఉంటరు. బావ అంటే మా ఆయనకు సొంత అన్న. అక్క బావ భార్య, నాకు యారాలు. వరుసకే యారాలు. పెండ్లి చేసుకొని నేను ఈ ఇంట్ల కాలు పెట్టిన దినం సంది ఆమె నన్ను చెల్లె అనే పిలిచింది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పదిహేను దినాలు తన డ్యూటీ పోగొట్టుకొని గంజి కాచి తాపింది. ఇది ఎందుకు చెప్తున్ననంటే, నేను ఎవరికి అబద్ధం చెప్పిన్నో మీకు తెల్వాలె.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండె. మా నాయిన హత్నూర దిక్కు పల్లెలల్ల ఉత్తరాలు పంచేటోడు. పొద్దుగాల సంచి విప్పి, ఉత్తరాలు ఊరువారీగ నాతోని వేరు చేయించేటోడు. కవర్ల మీద ఉన్న పేర్లే నా వాచకం. తెలుగు అట్లనే వచ్చింది, ఇంగ్లీషు అట్లనే వచ్చింది. ఇంట్ల కూర్చొనే పరీక్ష రాసి పది పాసైన. పెండ్లయినంక, మూతపడ్డ ఒక కంపెనీల సామాను వేలం వేస్తే మా ఆయన ఒక పాత కంప్యూటర్ తెచ్చిండు. ఫోన్ల వీడియోలు చూసుకుంట దాన్ని కూడ ఇంట్లనే నేర్చుకున్న. చుట్టుపక్కల చిన్న చిన్న యూనిట్లకు డబ్బాల మీది లేబుళ్లు, గేటు పాసులు టైపు చేసి ఇస్త. ఒక్కొక్క అక్షరం వచ్చినప్పుడల్ల దేవునికి దండం పెట్టుకున్నదాన్ని. నాకు ఉన్నది కృతజ్ఞతనే గని గర్వం కాదు అనుకునేదాన్ని. నిజంగనే అట్ల అనుకున్న.

ఇగ బావ సంగతి. బావ ఇనుము పోత పోసే కంపెనీల, సామాన్లు భద్రపరిచే స్టోర్ల పని చేస్తడు. ఒకప్పుడు ఆయనకు ఫోన్ల పత్తాలాట పట్టుకున్నది. పైసలు పెట్టి ఆడే పేకాట. జీతం పోయింది, అప్పులయినయి, అక్క చేతి గాజులు కుదువకు పోయినయి. ఒక దినం ఆయనే లేచి కాలనీల ఉన్న భజన మందిరానికి పోయి, రాముని ముందల తులసి మాల వేసుకొని, ఇగ ఆ ఆట ముట్టనని మాట ఇచ్చిండు. ఆ దినం సంది ఫోనుకు లాకు తీసేసిండు. అక్క అప్పుడప్పుడు ఆయన ఫోను అందుకొని వెతికేది. ఆయన ఏమీ అనేటోడు కాదు, ఛాయ తాగుకుంట కూర్చునేటోడు. అట్ల పదకొండు నెలలు గడిచినయి. అక్క తన జీతంల నుంచి నెల నెలా కొంత మిగిలించి గాజులు విడిపించుకోవాలని బ్యాంకుల పెట్టుకుంటున్నది.

ఆ ఏడు మా మందిరంల సప్తాహం పెట్టుకున్నరు. ఏడు దినాలు, పగలు రాత్రి, నామం ఆగొద్దు. మూడు గంటలకు ఒక జట్టు. మా కాలనీల జట్లు కులం చూసి, వీధి చూసి కట్టరు, కంపెనీ షిఫ్టు చూసి కడతరు. పొద్దుటి షిఫ్టు దిగినోళ్లు యూనిఫారం మీదనే వచ్చి, కాళ్లు కడుక్కొని కూర్చుంటరు. వచ్చే జట్టు ఎక్కిన బస్సు ముత్తంగి కాడ ట్రాఫిక్‌ల చిక్కుకుంటే, కూర్చున్న జట్టు లేవొద్దు. గొంతు పోయినా లేవొద్దు. వాళ్లు వచ్చి కూర్చొని, నామం అందుకున్నంకనే వీళ్లు లేవాలె. రెండు జట్లు కలిసి పాడే ఆ నిమిషం నాకు చానా ఇష్టం.

డ్యూటీల ఉన్నోళ్లకు, వేరే ఊర్లకు పోయినోళ్లకు వినే భాగ్యం లేదు గదా అని మందిరంల ఎవరో అన్నరు. వాళ్ల ఫోన్లల్ల వినబడేటట్టు నేను చేస్త అన్న. నా నోట్లకెళ్లి వచ్చేసింది. అందరు నా దిక్కు చూసిన్రు. బడికి పోనిదాని దిక్కు.

క్లౌడ్ అని ఒకటి ఉంటది. ఎక్కడనో ఉన్న పెద్ద కంపెనీ కంప్యూటర్లల్ల మనకు జెర జాగ కిరాయికి ఇచ్చుడు, అంతే. కొత్తగ చేరినోళ్లకు ఏడాది దాకా ఉచితం. వీడియోల ఆ పిలగాడు అట్లనే చెప్పిండు. ఎక్కడ నొక్కాల్నో చూపించిండు, వీడియో అయిపోయింది. ఉచితం ఒక హద్దు దాకనే అని కింద చిన్న అక్షరాలల్ల ఉన్నది. నేను చదివిన. చదివి, మన అసోంటి చిన్నోళ్లం ఆ హద్దు దాకా ఎక్కడ పోతం అనుకున్న.

చేరాలంటే బ్యాంకు కార్డు నంబరు ఇయ్యాలె. మనిషి నిజమైనోడా కాదా అని చూసేటందుకట. మా ఆయన కార్డు దానికి పట్టలేదు. మీదికి పోయి అక్కను అడిగిన. ఆమె చపాతీలు చేస్తున్నది. పిండి చేతులతోనే పర్సు చూపించి తీసుకో అన్నది. ఫోనుకు నంబరు వస్తే చదివి చెప్పింది. రెండు రూపాయలు కట్ అయినయి, మళ్ల తిరిగి వచ్చినయి. "చూసినవా అక్కా, ఫ్రీ" అన్న. "దేవుని పనికి కార్డేంది చెల్లె, నన్నే తీసుకపో" అని నవ్వింది.

ఇగ నేను చేసిన తెలివితక్కువ పని. ఆ క్లౌడ్‌ల ఒక కంప్యూటర్ నడిపితే నెలంత ఉచితం. నేను రెండు నడిపిన. ఎందుకంటే ఒక జట్టు లేవకముందే ఇంకో జట్టు కూర్చోవాలె గదా. ఒక కంప్యూటర్ ఆగిపోతే నామం తెగిపోతది గదా. అది ఆగకముందే రెండోది అందుకోవాలని రెండిటినీ పక్కపక్కన నడిపిన. ఎవరన్న తెలిసినోళ్లు ఉంటే ఒక్కటి చాలమ్మా అని చెప్పుదురేమో. నాకు చెప్పేటోళ్లు ఎవరున్నరు? రెండోది, వినేటోళ్లు పెరిగిన కొద్ది బయటికి పోయే పాటకు కూడ కిరాయి ఉంటదని నాకు సమజ్ కాలేదు. గాలిల పోయే నామానికి కిరాయేంది?

మొదటి దినం నలభై మంది విన్నరు. రెండో దినం వంద దాటిన్రు. తర్వాత మూడు వందలు. మనోళ్ల అలవాటు మీకు తెలుసు. నామం వస్తుంటే ఎవ్వరు ఆపరు. ఫోను పూజ అర్రల పెట్టి, చార్జింగు పెట్టి, వదిలేసి డ్యూటీకి పోతరు. ఇంట్ల ఎవ్వరు లేకున్నా నామం వినబడుతుంటే ఇల్లు చల్లగుంటదని నమ్మకం. అట్ల తాళం వేసిన ఇండ్లల్ల, ఖాళీ అర్రలల్ల, పగలు రాత్రి మా నామం మోగుతనే ఉన్నది. సప్తాహం అయిపోయినంక కూడ ఆపొద్దమ్మా అని మెసేజులు పెట్టిన్రు. రికార్డు చేసింది తిప్పి తిప్పి నెలంత నడిపిన. "మీ పుణ్యమే తల్లీ" అని తెల్వనోళ్లు రాస్తుంటే చదువుకుంట కూర్చునేదాన్ని. అన్నం పొయ్యి మీద మాడినా లేచేదాన్ని కాదు.

ఇప్పుడు అసలు మాట. సప్తాహం నాలుగో దినమే నాకు ఆ క్లౌడ్ కంపెనీకెళ్లి కంప్యూటర్‌ల ఉత్తరం వచ్చింది. మీ ఉచిత హద్దు దగ్గర పడ్డది, దాటితే పైసలు పడతయి అని. ఇంగ్లీషుల ఉన్నది. నాకు ఇంగ్లీషు వస్తది. చదివిన. రెండుసార్లు చదివిన. తెల్వక జరిగిందని నేను ఎవ్వరికీ చెప్పలేను, మీకు కూడ. ఆపుదామా అనుకున్న. నడుమ ఆపితే పాపం అనుకున్న. నిజంగనే పాపమనా? మందిరంల నామం ఎట్లనైనా నడుస్తనే ఉంటది గదా. ఆగేది ఫోన్లల్లనే గదా. ఆగేది ఆ మూడు వందలు అనే అంకెనే గదా. అప్పుడు ఇట్ల అడుక్కోలేదు. ఇప్పుడు అడుగుతున్న. దేవునికోసం ఆపలేదా, నాకోసం ఆపలేదా? జవాబు నాకు తెలుసు. ఏ కొన్ని రూపాయలో పడతయి, నా టైపింగు పైసలల్ల అక్కకు ఇచ్చేస్త అనుకొని, ఆ ఉత్తరం కనబడకుండ పక్కకు జరిపిన.

తర్వాతి నెల మొదట్ల, ఒక పొద్దుగాల, అక్క డ్యూటీకి తయారై కిందికి వచ్చింది. చేతిల ఫోను ఉన్నది.

"చెల్లె, జెర గిది సూడు. పైసలు కట్ అయినయని వచ్చింది."

తీసుకొని చూసిన. పదమూడు వేలు దాటింది. ఆ క్లౌడ్ కంపెనీ పేరు ఇంగ్లీషుల ఉన్నది. నాయిన సంచిలున్న కవరు లెక్క, స్పష్టంగ. పదమూడు వేలు. ఖాళీ అర్రలల్ల పాడిన నామానికి.

అక్క అడిగింది. "నీ భజన పని కాదు గదా?"

ఆమె నన్ను అనుమానించి అడగలేదు. అది కాదని ఒకసారి నా నోటి నుంచి విని పక్కకు పెట్టేటందుకు అడిగింది. తలుపు బార్ల తెరిచి నా ముందల పట్టుకున్నట్టు అడిగింది.

"కాదక్కా. అది ఫ్రీ."

"మరి గిదేంది? పేరు నాకు తిరుగుతలేదు. పత్తాలాటదేనా?"

నేను ఫోను దిక్కే చూస్తున్న.

"సెప్పు చెల్లె. నువ్వు సదువుకున్నదానివి. ఆటదేనా?"

"ఏమో అక్కా. అట్లనే ఉన్నది."

అంతే. ఇన్నేండ్లు నా గొంతుల ఉన్నది ఇదే. అట్లనే ఉన్నది. ఆ మాట అన్నంక ఆమె నా చేతిల నుంచి ఫోను తీసుకున్నది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు విన్న. ఒక్క మెట్టు, ఇంకో మెట్టు. పిలవాలె. అక్కా ఆగు అనాలె. పద్నాలుగు మెట్లున్నయి మా ఇంటికి. పద్నాలుగు మెట్లు ఎక్కేదాకా నాకు టైం ఉన్నది. నేను నిలబడ్డ తాన్నే నిలబడి ఉన్న. నేనేనా అన్నది? నా నోరేనా? నాకు నిజంగ అర్థం కాలేదు. అబద్ధం చెప్పేటోళ్లు ముందు ఆలోచించుకొని చెప్తరని అనుకునేదాన్ని. ఆలోచించలేదు. ఊపిరి లెక్క వచ్చింది.

మీద గొడవ మొదలైంది. బావ గొంతు మొదట నవ్వు లెక్క ఉన్నది. నేనెందుకు ఆడుత, ఫోను చూసుకోరాదు అంటున్నడు. తర్వాత గట్టిగయింది. తర్వాత వినబడలేదు. ఫోన్ల ఏం దొరకకపోతే, ఆడి తుడిపేసిండని అక్క అన్నది. ఆమెను ఏమనాలె? ఒకసారి కాలినామె. బ్యాంకుకు పోతే అక్కడ కూడ, ఆన్‌లైన్‌ల ఎవరో మీ ఇంటోళ్లే వాడిన్రు, నంబరు మీరే చెప్పిన్రు అన్నరట. ఇంటోళ్లే. అది నిజమే గదా.

నేను ఏం చేసిన్ననుకుంటున్నరు? రెండు కంప్యూటర్లు బంద్ చేసిన. ఆ కంపెనీకి ఉత్తరం రాసిన. బీదోళ్లం, తెల్వక అయింది, భజన కోసం పెట్టుకున్నం, దయ చూడున్రి అని. వాళ్లకు కూడ తెల్వక అనే రాసిన. ఎవరో మంచి మనిషి జవాబు రాసిండు. మొదటిసారి కాబట్టి పైసలు మొత్తం వాపసు ఇస్తున్నం, ఇగ జాగ్రత్త అని. నేను దేవుని ముందల సాగిలపడి ఏడ్చిన. ఆ తెల్వని మనిషికి దండం పెట్టిన. దీపం ముట్టించి, కొబ్బరికాయ కొట్టిన. పైసలు తిరిగి వస్తే అక్క మనసు చల్లబడ్తది, బావ మీది కోపం పోతది, ఏమీ జరగనట్టే అయితది అనుకున్న. దేవుడే నా తప్పు సర్దిండని కృతజ్ఞత చెప్పుకున్న. ఆ కృతజ్ఞత యాదికొస్తే ఇప్పుడు నాకు సిగ్గయితది.

పైసలు వచ్చినయి. అక్క కిందికి వచ్చి చెప్పింది. ఆమె కండ్లు ఎండిపోయి ఉన్నయి.

"సూసినవా చెల్లె. దొరికినంక భయపడి యాడనో అప్పు తెచ్చి ఏసిండు. ఏయలే అంటున్నడు. మరి మొగులుకెళ్లి పడ్డయా?"

ఆ మాట విన్నప్పుడు నేను పప్పు ఏరుతున్న. చాట నా ఒళ్లె ఉన్నది. పప్పుల రాళ్లు ఏరుకుంటనే ఉన్న. నేను తిరిగి తెప్పించిన పైసలే ఆయన మీద సాక్ష్యం చెప్పినయి. పోయినప్పుడు అనుమానం మాత్రమే. వాపసు వచ్చినంక రుజువయింది. ఇట్ల కూడ అయితదా? నేను దండం పెట్టి తెచ్చిన మంచి, ఆయన మెడకు చుట్టుకున్నది. అప్పుడు చెప్పుడు మొదటిసారి కన్న కష్టమయింది. మొదట ఒక్క అబద్ధమే ఒప్పుకోవాలె. ఇప్పుడు అబద్ధం, దాని మీద ఊకున్న దినాలు, దాని మీద ఆ ఉత్తరం, కొబ్బరికాయ. రోజు రోజుకు పెరిగింది. ఇయ్యాల చెప్త, రేపు చెప్త అనుకుంట, చెప్పని దినాలను కూడ దాచాల్సి వచ్చింది.

కొన్ని దినాలకు, వారం సెలవు నాడు, మధ్యాహ్నం బావ కిందికి వచ్చిండు. మా ఆయన డ్యూటీల ఉన్నడు. బావ లోపటికి రాలేదు. గుమ్మం బయట మెట్టు మీద కూర్చున్నడు. నేల దిక్కు చూసుకుంట అడిగిండు.

"అమ్మా, ఒకటి అడుగుత, నవ్వొద్దు. మనిషి నిద్రల లేసి ఫోన్ల ఆట ఆడి, మళ్ల పండుకుంటే పొద్దుగాల యాదికి ఉండదా?"

నా చేతిల ఉన్న గిలాస కింద పెట్టిన. ఇన్ని దినాలు నేను అనుకున్నదేంది? ఆయనకు నిజం తెలుసు గదా, తను ఆడలేదని తనకన్న తెలుసు గదా, అదొక్కటి ఆయన దగ్గర ఉన్నది గదా అనుకున్న. అది కూడ లేకుంట చేసిన. మేమందరం అదే మాట అంటుంటే, పైసలు వాటంతట అవే పోయి అవే వస్తుంటే, ఆ మనిషి తన నిద్రనే అనుమానించిండు.

ఏం చెప్పిన? చెప్తే మీరు ఈ కాగితం అవతల పెడ్తరేమో. "ఏమో బావా, డాక్టరుకు చూపించుకోరాదు" అన్న. ఆయన తల ఊపిండు. "నిజమే అమ్మా" అని లేచిపోయిండు.

ఆ నెల ఏకాదశి భజనల, అందరు కూర్చున్నంక, బావ లేచి నిలబడ్డడు. మెడల ఉన్న తులసి మాల తీసి రాముని పాదాల దగ్గర పెట్టిండు. "మాట తప్పిన. నాకు యాది లేదు. గని నేనే చేసి ఉంట. నన్ను మన్నించున్రి" అన్నడు. ఆయన గొంతు వణుకుతలేదు. అలసిపోయినోని గొంతు అది. పంతులు ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఒప్పుకునుడు అందరికి చేతకాదు నాయినా అన్నడు. ఆడోళ్లు కండ్లు తుడుచుకున్నరు. అక్క కొంగు నోట్ల పెట్టుకొని ఏడ్చింది. చేయని మనిషి నిలబడి ఒప్పుకుంటున్నడు. చేసిన మనిషి భజన తాళాలు పట్టుకొని కూర్చున్నది. నామం మళ్ల మొదలైంది. నా చేతులు తాళం తప్పలేదు. అది నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. ఒక్క దెబ్బ కూడ తప్పలేదు.

ఆ దినం సంది ఇంట్ల గొడవ లేదు. అక్క మెల్లమెల్లగ మంచిగనే అయింది. ఆయనకు ఇష్టమని పచ్చిపులుసు చేస్తది. బావ జీతం మాత్రం ఆమె ఖాతాలనే పడ్తది. ఆయన చేతిల బటన్ల ఫోను ఉంటది. ఆయన తోటి వయసోళ్లు ఛాయ హోటల్ల పైసలు ఫోన్ల కొడుతుంటే, బావ అంగీ జేబుల నుంచి అక్క ఇచ్చిన నోటు తీస్తడు. ఎవరన్న పరాచికం ఆడితే తను కూడ నవ్వుతడు. మాకు అలవాటయింది. నాకు కూడ అలవాటయింది, ఏమో, అట్లనే అనుకున్న.

పోయిన వారం వాళ్ల కంపెనీల స్టోరు మొత్తం ఆయన కింద పెడ్తమన్నరు. పాత మనిషి, ఇన్నేండ్లల్ల ఒక్క బోల్టు తక్కువ రాలేదు అని. జీతం పెరుగుతది, షిఫ్టు తిప్పలు ఉండవు. బావ వద్దన్నడట. తాళాలు నా చేతికి ఇయ్యకున్రి సార్, నన్ను నేను నమ్ముకోను అన్నడట. అక్క బియ్యం కడుక్కుంట నాకు ఈ ముచ్చట చెప్పింది. బాధపడలేదు. "మంచిగనే చెప్పిండు చెల్లె, ఆయన సంగతి ఆయనకు ఎరుకనే గదా" అన్నది.

నేను లోపటికి వచ్చి గోడకు ఒరిగిన. నాలుగేండ్లు గడిచినంక కూడ ఆ మాట ఇంకా పని చేస్తనే ఉన్నదా? నేను చేసింది ఎప్పుడో ఒక పొద్దుగాల అయిపోయిందనుకున్న. అది అయిపోలేదు. ఆయన ప్రతి దినం తనను తాను దొంగ అనుకుంట లేస్తున్నడు. ఆయన చేతికి రావాల్సిన తాళాలను నేను ఇయ్యాల కూడ గుంజుకుంటున్న.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను చానాసార్లు అడుక్కున్న. అక్క తిడ్తదని భయమా? ఆమె తిట్టేది రెండు దినాలు. మూడో దినం కూర గిన్నె పట్టుకొని కిందికి వచ్చేది. అది నాకు అప్పుడే తెలుసు. పైసలా? నెల నెలా ఇచ్చి తీర్చేదాన్ని. మరి ఏంది? మూడు వందల ఇండ్లకు నామం పంపిన తల్లి అని వాళ్లు రాసిన్రు చూడున్రి, ఆ తల్లి పోతదని భయం. నామం పేరు మీద అక్క గాజుల పైసలు కాల్చిందని, ఉత్తరం వచ్చినా ఆపలేదని తెలిస్తే నేను మళ్ల ఆ కంప్యూటర్ ముందు కూర్చునే బడికి పోని మనిషినే అయిత. అంత చిన్నదాని కోసం ఒక మనిషి ఇజ్జత్ తీసిన.

ప్రతి దినం దేవుని దగ్గర మన్నింపు అడిగిన. ఒక్క పూట తప్పలేదు. ఆయననే ఎందుకు అడిగిన్నో ఇప్పుడు సమజ్ అయింది. దేవుడు మెట్లెక్కి పోయి వాళ్లకు చెప్పడు గదా.

మిమ్ములను మన్నించమని అడుగుతలేను. మీకు నేను చేసిన అపకారం ఏమీ లేదు, మన్నించే హక్కు మీకు లేదు. మన్నించాల్సినోళ్లు ఇద్దరు, పద్నాలుగు మెట్ల మీద ఉన్నరు. ఈ కాగితాలు పట్టుకొని ఎక్కుతనా? ఎక్కుత అని మీకు మాట ఇయ్యను. నా మాటకు విలువ ఎంతనో ఇప్పుడు మీకు తెలుసు. వాళ్లు చదివినంక నన్ను చెల్లె అనరేమో. అమ్మా అనరేమో. అనకపోతే అది సబబే. గని ఇది రాస్తుంటే, ఇన్నేండ్లకు మొదటిసారి, లోపటికి ఊపిరి నిండుగ అందింది. చిన్నప్పుడు ఆయాసం తగ్గినంక అందినట్టు. ఇంత చేసినదానికి ఆ మాత్రం సుఖం కూడ ఎక్కువేనేమో. వచ్చింది మాత్రం నిజం, దాచను.

ఇగ దాపరికం లేకుంట రాస్త. ఆ పైసలు నా పని వల్ల పోయినయి. హద్దు దాటుతదని ఉత్తరం చదివినంక, నాకు తెలిసే పోయినయి. అవి తిరిగి వచ్చింది నేను రాసిన ఉత్తరంతోని. బావ ఆ పదకొండు నెలలల్ల ఒక్క ఆట ఆడలేదు. ఆయన మాట తప్పలేదు. ఆయన నిద్రల లేవలేదు. పొద్దంత ఇనుము మోసి వచ్చి, ఆ రాత్రులన్ని ఆయన పండుకొని నిద్రపోయిండు, అంతే.